గేటు లేని బార్లీ

ఆ పరిశోధన కేంద్రంలో చౌడు పొలం ఎక్కడుందని కొత్తవాళ్ళు అడిగితే ఎవరూ వేలు పెట్టి చూపించరు. "బార్లీ మేడమ్ గొంతు ఎటు వినిపిస్తే అటు వెళ్ళండి" అంటారు. అందులో అతిశయోక్తి లేదు. ఆవిడ మెల్లగా మాట్లాడటం నేర్చుకోలేదు, నేర్చుకునే ఉద్దేశమూ లేదు. పగలంతా చౌడులో నిలబడేవాళ్ళకు నోరు ఎండిపోతుందనీ, నోరు ఎండినవాళ్ళ మాట మెత్తగా రాదనీ ఆవిడే ఒక సిద్ధాంతం తయారుచేసి పెట్టుకుంది.

చౌడంటే మామూలు చౌడు కాదు. అక్కడ బోరు నీళ్ళే ఉప్పగా ఉంటాయి. ఎండ ముదిరేకొద్దీ మడి మీద తెల్లటి పూత పేరుకుంటుంది, నడిస్తే చెప్పుల కింద కరకరలాడుతుంది. చుట్టుపక్కల రైతుల పొలాలు కూడా ఏటికేడు ఇలాగే తెల్లబడుతున్నాయి. ముందు ఒక మూల మొదలవుతుంది, మరుసటి ఏడు సగం మడికి పాకుతుంది, ఆ తర్వాత రైతు ఆ పొలం పేరెత్తడమే మానేస్తాడు. తిండిగింజల్లో ఉప్పును ఓర్చుకోవడంలో బార్లీది ముందువరస. ఎంతవరకు ఓర్చుకోగలదు, ఆ ఓర్పు ఏ జన్యువుల్లో ఉంది, దాన్ని పిల్లలకు ఎలా దాటించాలి అన్నదే మేడమ్ ఉద్యోగం. వ్యసనం కూడా అదే. ఇంట్లో పోట్లాటకు కారణం కూడా అదే, ఎందుకంటే కేంద్రంలో జన్యు పరీక్షల ల్యాబు నడిపేవాడు ఆవిడ సొంత తమ్ముడు.

ఆ ల్యాబుకు కొన్నేళ్ళుగా ఒక ముద్దుబిడ్డ ఉంది. వేరు దగ్గర కాపలా కాసే ఒక జన్యువు. అది ఉన్న మొక్క మట్టిలోంచి నీళ్ళు తీసుకుంటుంది గానీ ఉప్పును మాత్రం వేరు దాటి పైకి పోనివ్వదు. కేంద్రంలో అందరూ దానికి గేట్‌మేన్ అని పేరు పెట్టారు. గేట్‌మేన్ ఉన్న రకం తయారైంది, బయటి పొలాలకు వెళ్ళింది, ఓ మాదిరి చౌడులో బాగానే పండింది. మేడమ్ కాదనలేదు. ఆ రకాన్ని తయారుచేయడంలో ఆవిడ చెయ్యి కూడా ఉంది. తగువు ఆ రకంతో కాదు. కొత్త డైరెక్టరు వచ్చి, ఇక మీదట ప్రతి మొక్కకూ లేత వయసులోనే పరీక్ష చెయ్యాలి, గేట్‌మేన్ ఉంటే ఉంచాలి, లేకపోతే ఆ వంశం మొత్తాన్ని పీకెయ్యాలి అని నియమం పెట్టాడు. తగువు ఆ నియమంతో.

డైరెక్టరు చెడ్డవాడేమీ కాదు. గోధుమలో పేరు తెచ్చుకున్న మనిషి, వెనకాల అందరూ గోధుమాయన అంటారు. పొలం తక్కువ, మనుషులు తక్కువ, మొక్కలు మాత్రం లెక్కలేనన్ని. ఏదో ఒక కొలబద్ద లేకపోతే పని సాగదని ఆయన వాదన. వాదన సబబే. కానీ చేతికొక కొలబద్ద దొరికితే కొంతమంది దానితో గుడ్డా కొలుస్తారు, పాలూ కొలుస్తారు. ఆయనది ఆ బాపతు.

ఆ కొలబద్దకు అడ్డం తిరిగిన మొక్క పేరు తిండిపోతు. కాగితం మీద దానికేదో నంబరుంది. తిండిపోతు అని పిలిచింది మాత్రం పొలంలో కూలీలకు పెద్ద అయిన మేస్త్రమ్మ. ఒకరోజు దాని అడుగు ఆకు తుంచి నాలిక మీద పెట్టుకుని ఉమ్మేసింది. "ఇదేం మొక్కమ్మా, గేటు లేని కొంప. దొరికిందల్లా లోపలేసుకుంటోంది" అంది.

నిజంగానే దానికి గేట్‌మేన్ లేడు. ఉప్పు నేరుగా వేరులోంచి పైకి వచ్చేస్తుంది. వచ్చినదాన్ని ఆ మొక్క అడుగునున్న ముసలి ఆకుల్లోకి తోసేసి, వాటి కణాల్లో మూట కట్టి దాస్తుంది. పైగా ఆ దాచిన ఉప్పు బలంతోనే చౌడు మట్టిలోంచి నీళ్ళు లాక్కుంటుంది. అడుగు ఆకులు పసుపెక్కి రాలిపోతాయి. పై ఆకులూ కంకీ మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు ఉంటాయి. గేట్‌మేన్ రకం తల వాల్చేసిన మూలల్లో కూడా తిండిపోతు గింజ కట్టింది. ఒక్కసారైతే అదృష్టం అనుకోవచ్చు. చౌడు అన్నిచోట్లా ఒకేలా ఉండదు, ఒక్కో మొక్కకు ఉప్పు తక్కువున్న చోటు దొరికి పాసైపోతుంది, ఆ మోసం మేడమ్‌కు తెలియనిది కాదు. అందుకే ప్రతి సీజనులోనూ దాన్ని ఇంకా పాడు మూలకు మార్చింది, రెండు పక్కలా గేట్‌మేన్ రకాన్నే విత్తించింది. అయినా తిండిపోతే పండింది.

సమావేశం గదిలో ఫ్యాను కిర్రుమంటోంది. గోడకు వేసిన తెర మీద తమ్ముడు తన పట్టిక చూపిస్తున్నాడు. ఎదుట కూర్చున్నది అక్క అన్న సంగతి అతని గొంతులో ఎక్కడా లేదు.

"నియమం ప్రకారం లేత మొక్కల అడుగు ఆకు తీశాం సార్. గేట్‌మేన్ జన్యువు లేదు. ఆకులో సోడియం పక్క రకం కంటే చాలా ఎక్కువ."

"ఏ ఆకన్నావు?" అంది మేడమ్.

"అడుగు ఆకు, మేడమ్."

"అది చెత్తబుట్ట. ఇల్లు శుభ్రంగా ఉందా అని చూడ్డానికి వచ్చినవాళ్ళు చెత్తబుట్టలో తల పెడతారా? పై ఆకు తియ్యండి. మొక్క పొట్ట మీదున్నప్పుడు తియ్యండి."

కంకి ఇంకా ఆకు తొడుగులోనే దాక్కుని, తొడుగు ఉబ్బి కనిపించే దశను పొట్ట అంటారు. డైరెక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"మేడమ్, అన్నిటినీ పొట్ట దాకా సాకడానికి చోటు లేకనే కదా లేతప్పుడు పరీక్ష పెట్టుకున్నాం. మీ మొక్కొక్కటీ ప్రత్యేకమంటే రేపు ఎవరి మొక్క వాళ్ళకి ప్రత్యేకమే అంటారు."

"అననివ్వండి సార్. పండితే అంటారు, పండకపోతే ఎవరంటారు?"

"సరే. దీని గుణం ఏ జన్యువుదో చెప్పండి. దానికీ ఒక పరీక్ష పెడదాం."

అక్కడ మేడమ్ దగ్గర ఆయనకు నచ్చే జవాబు లేదు. ఉన్నదే చెప్పింది. "ఒక్కదానిది కాదు సార్. చిన్న చిన్న జన్యువులు చాలా కలిసి చేస్తున్న పని. విడివిడిగా పట్టుకుంటే దేన్లోనూ ఏమీ కనపడదు. పదిమంది ఎత్తిన దూలాన్ని ఎవరెత్తారంటే ఒక్కరి పేరు ఎలా చెప్తాం?"

"అంటే చూపించలేరు."

"పొలంలో చూపిస్తాను. రండి."

ఆయన రాలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనేవాడికి నాలుగోది చూపించాలంటే ముందు ఆయన కుందేలు దగ్గరికి రావాలి కదా. గదిలో మిగతావాళ్ళు కుక్కిన పేనుల్లా కూర్చున్నారు. తమ్ముడు తెర మీది పట్టికను ఆపేసి వైర్లు చుట్టుకున్నాడు.

మర్నాడు ఉత్తర్వు వచ్చింది. తిండిపోతు మడిలో కంకులు పొట్టలోంచి తొంగిచూడగానే మడి మొత్తం పీకెయ్యాలి. కంకి బయటపడకముందు పుప్పొడి ఉండదు కాబట్టి పక్క మడులకు ప్రమాదం లేదు, అప్పటిదాకా ఎదుగుదల కొలతలు తీసుకోవచ్చు. స్టోరులో ఉన్న విత్తనం మాత్రం వెంటనే కాల్చెయ్యాలి. ఆ కొలతల మాట డైరెక్టరు దయతో చేర్చిందే, ఆవిడ కష్టం పూర్తిగా వృథా కాకూడదని. స్టోరాయనకు పై నుంచి కాగితం వస్తే చాలు, ప్రాణం లేచొస్తుంది. సాయంత్రం లోపే విత్తనం బూడిదైంది.

క్వార్టర్లలో తమ్ముడిది అక్క ఇంటి మెట్లకు అవతలి పక్క ఇల్లు. అతని భార్యకు పొరుగూళ్ళో ఉద్యోగం కాబట్టి వారమంతా భోజనం అక్కగారింట్లోనే. ఆ పూట ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా కంచాల ముందు కూర్చున్నారు.

"ఈ ఇంట్లో ఉప్పు మాటెత్తారంటే ఇద్దరికీ తిండి లేదు" అంది వాళ్ళమ్మ, గరిటె పట్టుకుని. "గడ్డి కోసం తోడబుట్టినవాళ్ళు కొట్టుకోవడం నేనెక్కడా చూళ్ళేదు."

"గడ్డి కాదమ్మా, బార్లీ" అన్నారు ఇద్దరూ ఒకేసారి. ఆ రోజుకి వాళ్ళిద్దరూ ఏకాభిప్రాయానికి వచ్చిన విషయం అదొక్కటే.

కాసేపటికి అక్క ఆగలేకపోయింది. "పై ఆకు కూడా చూద్దాం సార్ అని ఒక్క మాట అనొచ్చుగా. నోరు పెగల్లేదా?"

"వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటేనని కారిడార్లో అనుకుంటారు. నీకు వినపడదక్కా. నాకు రోజూ వినపడుతుంది. నీ మొక్క ఏది పాసైనా తమ్ముడు పాస్ చేశాడంటారు. అందుకే మిగతావాళ్ళ మొక్కలకంటే నీ మొక్కల్నే గట్టిగా పరీక్షిస్తాను."

"అంటే నీకు అక్కనైనందుకు నాకు శిక్ష."

"శిక్ష కాదు, ఉద్యోగం."

"నువ్వసలు ఉప్పూ కారం తింటున్నావా?"

"అదిగో ఉప్పు" అంది అమ్మ. రెండు కంచాలూ తీసేసింది.

తమ్ముడు చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయాడు. మేడమ్ మాత్రం ఖాళీ బల్ల ముందే కూర్చుంది. కోపం కాదు, అప్పుడు ఆవిడకు భయం వేసింది. కేంద్రంలోనే కాదు, ప్రపంచంలో ఎక్కడా తిండిపోతు గింజ ఇంకొకటి లేదు. ఆ మడి పోతే అంతే.

దొంగదారి ఒకటుంది, దాని గురించి ఆలోచించలేదంటే అబద్ధం. రెండు మొక్కల్ని వేళ్ళతో సహా తీసి ఇంటి డాబా మీద కుండీలో పెట్టుకోవచ్చు. ఎవరికీ తెలియదు. కానీ నంబరు లేని విత్తనాన్ని కేంద్రంలో ఏ మడిలోనూ విత్తనివ్వరు, ఏ రైతుకూ ఇవ్వనివ్వరు. బతుకుతుంది, దాక్కుని బతుకుతుంది. ఆ దాక్కోవడమే ఆవిడ ఒళ్ళు మండించింది. ఏం తప్పు చేసిందని దాక్కోవాలి? చౌడులో పండటమా తప్పు? పండనివాళ్ళు దర్జాగా మడుల్లో ఉండి, పండింది డాబా ఎక్కి తల దాచుకోవాలా?

ఉత్తర్వును మళ్ళీ ముందు పెట్టుకుని చదివింది. ఈసారి ఒక వాక్యం దగ్గర ఆగింది. కంకి బయటపడకముందు పుప్పొడి ఉండదు. ఆ మాట గోధుమ మనిషి తప్ప ఇంకెవరూ రాయలేరు. గోధుమ కంకి బయటికొచ్చి, నాలుగు రోజులు గాలి పోసుకుని, అప్పుడు తీరిగ్గా పూస్తుంది. బార్లీకి అంత ఓపిక లేదు. చాలాసార్లు పొట్టలో ఉండగానే, తొడుగు చాటునే దాని పుప్పొడి పండిపోతుంది. కంకి బయటికి తొంగిచూసేసరికి లోపల కార్యం అయిపోయి ఉంటుంది. చౌడు మొక్కలైతే మరీ తొందరపడతాయి. చదువుకునే రోజుల్లో బార్లీ చేసినవాళ్ళందరికీ తెలిసిన సంగతే ఇది. గోధుమాయన అప్పుడు గోధుమ చేస్తున్నాడు.

మేడమ్ నవ్వింది. లోపలి గదిలోంచి అమ్మ, "కంచం తీసేస్తే నవ్వేవాళ్ళని నిన్నే చూశాను" అంది.

మడుల్లో మొక్కలు పొట్ట మీదికి వచ్చాక, ఒక పొద్దున ఆవిడ కత్తెర, పట్టకారు, బటర్ పేపరు సంచులు పట్టుకుని చౌడు పొలానికి వెళ్ళింది. తిండిపోతు మడికి కాదు, పక్కనున్న గేట్‌మేన్ మడికి. అందులో పొట్ట మీదున్న మొక్కలు చూసుకుని, తొడుగు చీల్చి, కంకి మీసాలు కత్తిరించింది. ఒక్కో పువ్వు కొస కోసి, లోపల ఇంకా పచ్చగా ఉన్న కేసరాలను పట్టకారుతో లాగి పారేసింది. మగ భాగం పోయిన ఆ కంకి మీద సంచి తొడిగి పిన్ను కొట్టింది. ఒక్క కేసరం మిగిలినా ఆ మొక్క తన పుప్పొడితో తానే గింజ కట్టి, సంకరమని మనల్ని నమ్మిస్తుంది. అందుకని మెడ నొప్పెట్టేదాకా ఒక్కో పువ్వునూ రెండోసారి చూసింది. రెండు మూడు రోజులాగి, ఇవతలి మడిలో తిండిపోతు పొట్టలు చీల్చింది. కేసరాలు అప్పుడే పసుపు రంగుకు తిరిగాయి. వాటిని చిదిమి, సంచులు విప్పి, గేట్‌మేన్ కంకుల మీద దులిపింది. అంతా పట్టపగలు, కూలీలందరి ముందు చేసింది. ప్రతి సంచికీ ట్యాగు కట్టి తల్లి ఎవరో, తండ్రి ఎవరో పెద్ద అక్షరాలతో రాసింది.

"తండ్రి పేరు రాయకపోతేనే మంచిదేమోనమ్మా" అంది మేస్త్రమ్మ.

"ఎందుకు? వాడేమన్నా గోడ దూకి వచ్చాడా?"

"పెద్దాయన చూస్తే?"

"చూడాలంటే చౌడులోకి రావాలి. వచ్చి చదివితే అంతకంటే సంతోషం ఇంకేముంది."

ఆయన రాలేదు. వచ్చింది తమ్ముడు. ల్యాబు మనిషికి బురదంటే పడదు. గట్టు మీద నిలబడి, కాళ్ళు ఎక్కడ పెట్టాలో తెలియక కాస్త అవస్థపడి, చివరికి మడిలోకి దిగాడు. ముఖం పాలిపోయి ఉంది.

"మొన్న నువ్వు లేనప్పుడు వచ్చి నీ తిండిపోతు పై ఆకు కోసుకెళ్ళాను. కంకిని కూడా చూశాను. పరీక్ష చేశా."

"ఏమొచ్చింది?"

"శుభ్రంగా ఉన్నాయి. రెండూ. దాదాపు గేట్‌మేన్ రకమంత శుభ్రం."

మేడమ్‌కు ఒక్క క్షణం కాళ్ళ కింద నేల గట్టిపడినట్టయింది. "మరింకేం, వెళ్ళి చెప్పు."

అతను తల వంచుకున్నాడు. "నియమంలో పై ఆకు లేదు. డైరెక్టరు అడగలేదు. అడక్కుండా నేను పట్టుకెళ్ళి ఇస్తే అక్క కోసం చేశాడంటారు."

"అంటే నీకు తెలుసు. తెలిసి కూడా పీకనిస్తావు."

ఆవిడకు ఏడుపొచ్చింది, కానీ కోపం దాన్ని వెనక్కి నెట్టేసి ముందుకొచ్చింది. చిన్నప్పుడు వీడి పలక మీద ఎవరైనా గీత గీస్తే వాళ్ళ పలక విరగ్గొట్టి వచ్చిన మనిషి తాను. ఇప్పుడు వీడు ఒక్క కాగితం పట్టుకెళ్ళలేడు. "పో" అంది. "ఇంకెప్పుడూ నా పొలంలో అడుగు పెట్టకు."

వెళ్ళబోతూ అతను గేట్‌మేన్ మడిలో వరసగా ఉన్న సంచుల దగ్గర ఆగాడు. ఒక ట్యాగు తిప్పి చదివాడు. ఇంకోటి చదివాడు. చదివినకొద్దీ అతని ముఖంలో లెక్క నడవడం మేడమ్‌కు కనిపించింది. తల్లిలోంచి గేట్‌మేన్ కాపీ ఒకటి వస్తుంది. తండ్రిలోంచి గేటు లేని కాపీ వస్తుంది, దాంతోపాటు దూలం ఎత్తే ఆ చిన్న జన్యువులన్నీ వస్తాయి. పరీక్షకు కావలసింది గేట్‌మేన్ ఒక్కడే, వాడు పిల్లలో ఉంటాడు. గేట్‌మేన్ ఉంటే ఉంచాలని నియమం.

"అక్కా, ఇది..."

"చదువుకున్నావుగా, చదివేశావు. వెళ్ళి చెప్పుకో."

అతను ట్యాగును మళ్ళీ ఎలా ఉందో అలా తిప్పిపెట్టి వెళ్ళిపోయాడు. చెప్తాడో లేదో ఆవిడకు తెలియలేదు. భోజనానికి కూడా రాలేదు. అమ్మ అతని కంచం మూసిపెట్టింది.

తిండిపోతు కంకులు తొంగిచూసిన రోజు డైరెక్టరు స్వయంగా వచ్చాడు. వెంట తమ్ముడూ, స్టోరాయనా, ఆఫీసువాళ్ళూ ఉన్నారు. ఆయన వంగి, తొడుగుల్లోంచి అప్పుడే బయటపడుతున్న మీసాలు చూసి తృప్తిగా తలాడించాడు. "సరిగ్గా సమయానికి వచ్చాం. కానివ్వండి."

కూలీలు కదలబోతే మేడమ్ ఆపింది. "నేను పెంచాను, నేనే పీకుతాను."

నిజంగానే మడి మొత్తం తానే పీకింది. మేస్త్రమ్మ చెయ్యి వెయ్యబోతే వేయనివ్వలేదు. చౌడు పట్టిన మట్టి వేళ్ళను ఊరికే వదల్లేదు, ఒక్కో దుబ్బుతో పెనుగులాడవలసి వచ్చింది. అరచేతులు చీరుకుపోయి ఉప్పు తగిలి మండాయి. బలంగా, పచ్చగా, ఇంకో నెల నిలబెడితే గింజతో వంగిపోవలసిన మొక్కలవి. ఆవిడ కోపం దాచుకోలేదు. చివరి దుబ్బును డైరెక్టరు కాళ్ళ ముందు పెట్టి, "అయిపోయింది సార్, చూసుకోండి" అంది.

ఆయన ఇబ్బందిగా పక్కకు తిరిగాడు. తిరిగేసరికి గేట్‌మేన్ మడిలో సంచులు కనిపించాయి.

"ఇవేంటి?"

"సంకరం సార్. తల్లి గేట్‌మేన్ రకం. తండ్రి ఇప్పుడు మీ ముందు పీకామే, అది."

"ఎలా కుదురుతుంది? దాని కంకే ఇంకా బయటికి రాలేదు. పుప్పొడి ఎక్కడిది?"

"పొట్టలోది. గోధుమ బయటికొచ్చి పూస్తుంది సార్. బార్లీ పొట్టలోనే కానిచ్చేస్తుంది."

ఆయన మెడ దగ్గర్నుంచి ఎరుపెక్కడం అందరూ చూశారు. తన చేతులతో రాసిన వాక్యం ఆయనకు గుర్తొచ్చే ఉంటుంది.

"వీటిని కూడా పీకండి."

"ఏ నియమం కింద?" అంది మేడమ్. గొంతు ఎప్పటిలాగే ఉంది. "గేట్‌మేన్ లేని వంశం పీకాలన్నారు, పీకేశాను. ఉన్నదాన్ని ఉంచాలన్నారు. వీటిలో ఉన్నాడు, తల్లి ఇచ్చింది. నేను దొంగతనం చెయ్యలేదు, ట్యాగుల మీద ఇద్దరి పేర్లూ రాశాను. మీరొచ్చి చదవకపోతే నా తప్పా?"

డైరెక్టరు తమ్ముడి వైపు తిరిగాడు. "మీకు ముందే తెలుసా?"

"తెలుసు సార్. చదివాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"మీరడగలేదు సార్."

మేడమ్ తల తిప్పి తమ్ముణ్ణి చూసింది. అతను డైరెక్టరునే చూస్తున్నాడు.

"పరీక్ష చేస్తే ఏమొస్తుంది?"

"గేట్‌మేన్ ఉన్నాడనే వస్తుంది. నియమం ప్రకారం పీకడానికి వీల్లేదు."

ఒకటి మాత్రం చెప్పుకోవాలి, ఆయన తన నియమాన్ని తానే దాటే మనిషి కాదు. "సరే, ఉండనివ్వండి" అన్నాడు. తర్వాత మేడమ్ ముఖం చూడకుండా, "మీరు మాత్రం వచ్చే సీజను నుంచి గోధుమ విభాగానికి రండి. చౌడు పొలం మీకొద్దు. ఈ గింజల్ని ఎవరైనా తమ పేరు మీద తీసుకుంటే విత్తుతారు, లేకపోతే అల్మారాలో ఉంటాయి. అది కూడా నియమమే" అన్నాడు.

దెబ్బ తగలాల్సిన చోటే తగిలింది. అల్మారాలో ఉన్న సంకరం ఎలా ముగుస్తుందో ఆవిడకు తెలుసు. ఆ పిల్లల్ని విత్తాలి, వాటి పిల్లల్ని గుట్టలకొద్దీ పాడు మూలల్లో విత్తాలి, అందులో తిండిపోతు సత్తువ ఎవరికొచ్చిందో ఏళ్ళ తరబడి వెతకాలి. ఎవరు వెతుకుతారు? చుట్టూ చూసింది. ఒక్కొక్కరే చూపు దించుకున్నారు.

"నేను తీసుకుంటాను సార్" అన్నాడు తమ్ముడు.

"మీది ల్యాబు."

"ల్యాబువాళ్ళు మడి తీసుకోకూడదని ఎక్కడా లేదు."

డైరెక్టరు అతన్ని పరీక్షగా చూశాడు. "ఆలోచించుకోండి. అక్క కోసం చేశాడంటారు."

"అంటారు సార్. అక్క కోసమే చేస్తున్నాను. మొక్క మంచిది కాబట్టి కూడా చేస్తున్నాను. వాళ్ళకు ఏది నచ్చితే అది అనుకోమనండి."

ఆయన గట్టు వైపు నడిచాడు. ఆఫీసువాళ్ళు వెనకే వెళ్ళారు. మేస్త్రమ్మ కూలీలను పిలుచుకుని పీకిన దుబ్బుల్ని గంపలకెత్తించడం మొదలుపెట్టింది. అక్కాతమ్ముళ్ళిద్దరూ సంచుల మధ్య నిలబడ్డారు. మెచ్చుకోవడం మేడమ్‌కు చేతకాదు. తమ్ముడి మీద ప్రేమ పొంగినా ఆవిడ నోటి నుంచి ప్రశ్నే వస్తుంది.

"ఇప్పుడంటే గేట్‌మేన్ ఉన్నాడు. వీటి పిల్లల్లో నాలుగో వంతుకి ఉండడు. లేతగా ఉండగానే నీ ల్యాబే పీకమంటుంది. అసలు తిండిపోతులు వాటిలోనే ఉంటే? అప్పుడేం చేస్తావు?"

తమ్ముడు ఆలోచించాడు. అబద్ధం చెప్పలేదు. "అప్పుడు నీలాగా పోట్లాడాలి."

"నీకు పోట్లాడటం రాదు."

"విత్తడం కూడా రాదు. రెండూ నేర్పు."

"విత్తడానికి వచ్చే సీజను దాకా టైముంది." మేడమ్ చీరుకుపోయిన చేతుల్ని చీర కొంగుకి తుడుచుకుంది. "ఆ పై ఆకు పరీక్ష కాగితం ఎక్కడుంది?"

"జేబులోనే ఉంది. ఆ రోజు నుంచీ ఉంది."

"మరింకేం, పద. గోధుమాయన ఇంకా గట్టు దాటలేదు."

అతను కాగితం బయటికి తీశాడు. తర్వాత తెల్లటి పూత మీద కరకరమని అడుగులేసుకుంటూ అక్కను దాటి ముందుకు నడిచాడు. "సార్, ఒక్క నిమిషం ఆగండి" అని కేకేశాడు. ఆ కేక పొలం అవతలి గట్టు దాకా వినిపించింది. డైరెక్టరు ఆగి వెనక్కి తిరిగి, పిలిచింది మేడమ్ అనుకుని ముందు ఆవిడ వైపే చూశాడు.